వృత్తి అనే గడిలో నాలుగే మాటలు

డిగ్రీ మొదటి సంవత్సరం అయ్యాక మాకు కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు ఇచ్చారు. ఏదో ఒక ఊరు తీసుకుని ఇల్లిల్లూ తిరిగి సర్వే చేయాలి. ఇంట్లో ఎంతమంది, ఎవరేం చదివారు, తాగే నీళ్లు ఎక్కడివి, వృత్తి ఏమిటి, ఆదాయం ఎంత అని ఒక ఫారం. నేను మా ఊరే తీసుకున్నాను. కందుకూరికి దగ్గర్లో పొగాకు పండించే పల్లె మాది. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా మా ప్రాంతం నెల్లూరు జిల్లాలో ఉండేది. ఆ కొత్త జిల్లాకే తర్వాత ప్రకాశం అని పేరొచ్చింది. 2022 ఏప్రిల్‌లో మమ్మల్ని మళ్లీ నెల్లూరులో కలిపారు. కాగితాల మీద జిల్లా మారుతూ వచ్చింది గానీ, మా ఇళ్లలో పిల్లల చదువుల గురించి జరిగే మాటలు మారలేదు.

ఆ సర్వేలో ఎనభై ఇళ్లు తిరిగాను. రాత్రి భోజనాలయ్యాక ఫారాలన్నీ ముందేసుకుని లెక్కలు కడుతుంటే అమ్మ వచ్చి పక్కన కూర్చుంది. వృత్తి అనే గడిలో నేను రాసినవి మొత్తం నాలుగే మాటలు. వ్యవసాయం, కూలి, ఉద్యోగం, గృహిణి.

అమ్మ ఒక కాగితం తీసి చూసింది. "పిన్నిని కూలి అని రాశావేందమ్మా? ఆమె ఆకు గ్రేడు చేసిద్ది గదా. రంగు చూసి, మచ్చ చూసి, చేత్తో పట్టుకుంటే తేమ ఎంతుందో చెప్పిద్ది. సీజన్లో ఆమె కోసం రైతులు ముందురోజే వచ్చి చెప్పిపోతారు. కలుపు తీసే పని, ఆ పని ఒకటేనా?" అంది.

ఆ రాత్రి ఫారాలన్నీ మళ్లీ మొదటి నుంచి తిరగేశాం. కూలి అని రాసిన గడుల వెనక ఎవరెవరున్నారో అమ్మ చెబుతూ పోయింది. పొగాకు ఆరబెట్టే కొట్టం, అదే బ్యారన్‌లో ఆకు క్యూరింగ్ అయ్యే అయిదారు రోజులూ రాత్రింబవళ్లు మంట చూసే మనిషి ఉన్నాడు. వేడి ఒక్కసారిగా పెరిగిందా, ఆకు రంగు చెడిపోయి రైతు ఏడాది కష్టం అక్కడే పోతుంది. రొయ్యల గుంటల మీద పట్టుబడులకు, అంటే పంట రొయ్యలు పట్టేటప్పుడు, వలలు లాగే జట్టు ఉంది. చీమకుర్తి క్వారీలో రాయి కోసే మిషన్ నడిపేవాళ్లు ఇద్దరున్నారు. ఇక ఉద్యోగం అని రాసినచోట కరెంటు లైన్‌మన్ ఉన్నాడు, సహకార సంఘం గుమస్తా ఉన్నాడు, కృష్ణపట్నం పోర్టులో క్రేన్ నడిపే అన్న ఉన్నాడు, చెన్నైలో లెక్కలు రాసే ఒకరి అబ్బాయి ఉన్నాడు. ఇంతమందినీ నేను రెండు మాటల్లో సర్దేశాను. అదే ఊళ్లో పుట్టి పెరిగినదాన్ని.

నాకు ఆ రాత్రి సరిగా నిద్ర పట్టలేదు. పక్కింటివాళ్లు రోజంతా ఏం చేస్తారో తెలియని నేను ఎవరిని చూసి, ఏం తెలుసుకుని నా బతుకుకి ఒక పని ఎంచుకోబోతున్నాను అని భయమేసింది.

అప్పటి నుంచి ఇప్పటిదాకా నేను గట్టిగా నమ్ముతున్న విషయం ఒకటుంది. మనం కోర్సులు వెతుకుతున్నాం, పనులు వెతకడం లేదు. ఏ పని ఎలా ఉంటుందో తెలియాలంటే అది జరిగేచోటికి వెళ్లి, చేసేవాళ్ల పక్కన నిలబడి చూడాలి. మన రాష్ట్రంలో డిగ్రీ చదివేవాళ్లకి అందుకోసం ఇంటర్న్‌షిప్ పేరుతో పది నెలల సమయం చేతికిచ్చారు కూడా. దాన్ని మనం సర్టిఫికెట్లకి అమ్ముకుంటున్నాం.

నా ఇంటర్ అయిన ఏడాది మా ఇంట్లో జరిగింది చెబుతాను, మీ ఇంట్లో జరిగిందీ ఇంచుమించు ఇదే అయి ఉంటుంది. బైపీసీలో మంచి మార్కులే వచ్చాయి. మెడిసిన్‌కి సరిపోయే ర్యాంకు రాలేదు. బెంగళూరులో సాఫ్ట్‌వేర్‌లో ఉన్న పెదనాన్న కొడుకు ఫోన్ చేసి, "కంప్యూటర్స్ ఉన్న గ్రూపు తీసుకో" అన్నాడు. మామయ్య, "బీఈడీ చేసి డీఎస్సీ రాయి, ఆడపిల్లకి టీచరు ఉద్యోగం మించింది లేదు" అన్నాడు. నాయన పక్కన కూర్చుని అందరి మాటలూ విన్నాడు, ఆయనకి చెప్పడానికి ఏమీ లేక. అందరూ నా మంచి కోరినవాళ్లే. అయితే ప్రతి ఒక్కరూ తాను చూసిన ఒక్క దారే చెప్పారు. మా చుట్టాలందరికీ తెలిసిన వృత్తులు కలిపి లెక్కేసినా పది దాటవు.

ఇంతకీ ఆ మాటల్లో ఒక్కరు కూడా, ఆ ఉద్యోగంలో చేరినవాళ్లు పొద్దున పది గంటలకి ఏం చేస్తుంటారో చెప్పలేదు. నేను అడగనూ లేదు. అలా అడగొచ్చని నాకు తోచలేదు.

సర్వే తర్వాత అడగడం మొదలుపెట్టాను. ముందు ఫోన్లోనే వెతికాను. కేంద్ర కార్మిక శాఖ తయారుచేసిన జాతీయ వృత్తుల వర్గీకరణ అని ఒకటుంది. 2015లో సవరించిన దాంట్లో ఒక్కో వృత్తికి ఎనిమిది అంకెల కోడ్, ఆ పని చేసేవాళ్లు ఏం చేస్తారో నాలుగు వాక్యాలు ఉంటాయి. అలాంటివి 3,000కు పైగా. అదే సంవత్సరం నేషనల్ కెరీర్ సర్వీస్ అనే ప్రభుత్వ పోర్టల్ కూడా మొదలైంది. మా కాలేజీలో ఈ రెండింటి పేరూ మాకెవరూ చెప్పలేదు. అమెరికా కార్మిక శాఖ వాళ్లు 1949 నుంచి వృత్తుల మీద ఒక పుస్తకం తెస్తున్నారు, ఇప్పుడది నెట్‌లో ఉచితంగా ఉంది. ఏం చేస్తారు, ఎలాంటి చోట చేస్తారు, ఎలా చేరాలి, జీతం ఎంత, ముందు ముందు ఆ పని పెరుగుతుందా తగ్గుతుందా అని ప్రతి వృత్తికీ ఒకే వరసలో రాస్తారు. ఆ వరస నాకు బాగా పనికొచ్చింది. అందులోని చదువుల వివరాలు మాత్రం మనకి పనికిరావు. అక్కడ ఫిజియోథెరపిస్టు కావాలంటే డాక్టరేట్ స్థాయి చదువు కావాలి. ఇక్కడ ఇంటర్ తర్వాత బీపీటీ డిగ్రీ చదివితే చాలు. అక్కడి జీతం చూసి ఇక్కడ కోర్సులో చేరినవాళ్లని నేను చూశాను.

చదవడం వల్ల పేర్లు తెలుస్తాయి. అది తక్కువ లాభం కాదు. పేరు తెలియని పనిని ఎవరూ కోరుకోలేరు. నెల్లూరు పక్కన ముత్తుకూరులో మత్స్యశాస్త్ర కళాశాల ఉందని, బైపీసీ చదివినవాళ్లు నాలుగేళ్ల మత్స్యశాస్త్ర డిగ్రీ బీఎఫ్ఎస్సీలో చేరొచ్చని నాకు డిగ్రీ రెండో ఏడు తెలిసింది. మా ఊరి నుంచి బస్సులో మూడు గంటల దూరం. రొయ్యల గుంటల మధ్య బతుకుతూ, రొయ్యల గురించి చదువుకునే కాలేజీ ఉందని తెలియకుండా ఇంటర్ దాటేశాను. ఇప్పటికీ తలచుకుంటే బాధగా ఉంటుంది. మా సంవత్సరం బైపీసీ చదివిన నలభై మందిలో ఎవరికైనా తెలిసి ఉంటే నాకూ తెలిసేది గదా.

ఇక ఇంటర్న్‌షిప్ సంగతి. 2020-21లో డిగ్రీలో చేరిన మా బ్యాచ్‌తోనే మొత్తం పది నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి అయింది. మొదటి ఏడాది తర్వాత రెండు నెలల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, రెండో ఏడాది తర్వాత రెండు నెలలు, ఆఖర్లో ఒక సెమిస్టర్ మొత్తం. ఇంత మంచి అవకాశం మా నాయన తరానికి గానీ, మా అక్కల తరానికి గానీ లేదు. జరిగింది ఏమిటంటే, రెండో ఏడు రాగానే వాట్సాప్‌లో లింకులు మొదలయ్యాయి. ఇంత కడితే ఆన్‌లైన్ క్లాసులు, ఆఖర్లో సర్టిఫికెట్, ప్రాజెక్టు రిపోర్టు కూడా వాళ్లే ఇస్తారు. మా క్లాసులో చాలామంది అదే చేశారు. నేనూ ఒక ట్రైనింగ్ సెంటర్‌కి నాలుగు వేలు కట్టాను. "వంద శాతం జాబ్ గ్యారంటీ" అని బోర్డు పెట్టుకున్న సెంటరు. పదిహేను రోజులు రికార్డు చేసిన వీడియోలు వచ్చాయి. తర్వాత ఫోన్ ఎత్తలేదు. ఆ నాలుగు వేలు నాయన ఎరువుల కొట్లో బాకీ కట్టకుండా నాకిచ్చిన డబ్బు.

విద్యార్థుల్నే తప్పుపట్టను. కందుకూరు లాంటి ఊళ్లో మూడు వందల మంది పిల్లలకి ఇంటర్న్‌షిప్ ఎక్కడ దొరుకుతుంది అని లెక్చరర్లు అడుగుతారు. దొరికేది కంపెనీ ఉద్యోగం లాంటిదే కావాలనుకుంటే నిజంగానే దొరకదు. అసలు చిక్కు అక్కడే ఉంది. ఇంటర్న్‌షిప్‌ని ఉద్యోగానికి మెట్టు అనుకోబట్టి చుట్టూ ఏమీ లేనట్టు కనబడుతోంది. పనులు చూసి తెలుసుకునే సమయం అనుకుంటే మా ఊరి చుట్టూ యాభై కిలోమీటర్లలో చూడలేనన్ని పనులున్నాయి. నేను పుట్టినప్పటి నుంచి నాయనతో పొగాకు వేలానికి వెళ్లాను. పొగాకు బేళ్లు వరసగా పెట్టి ఉంటే పొగాకు బోర్డు మనిషి వచ్చి గ్రేడు వేస్తాడు, కొనే కంపెనీల మనుషులు వెనకే నడుస్తారు. ఆ గ్రేడు వేసే ఆయన ఏం చదివాడు, కంపెనీ తరఫున ఆకు కొనే మనిషికి ఆ పని ఎవరు నేర్పారు అని పద్దెనిమిదేళ్లలో ఒక్కసారి అడగలేదు. మా ఇంటి సంవత్సరం ఆదాయం వాళ్ల నోటి మాట మీద ఆధారపడి ఉండేది మరి.

డబ్బు పోయాక నాయన తనకి తెలిసిన ఒక రొయ్యల రైతుని పట్టుకుని, ఉలవపాడు దాటి సముద్రం వైపు ఉన్న ఒక ఆక్వా ల్యాబ్‌లో నన్ను కూర్చోబెట్టాడు. రెండు గదుల ల్యాబ్. నడిపే అన్న ఎంఎస్సీ చదివాడు. "జీతం ఏమీ ఇవ్వలేను చెల్లెమ్మా, చూసి నేర్చుకుంటే నేర్చుకో" అన్నాడు.

పొద్దున ఆరు గంటలకే రైతులు సీసాల్లో గుంట నీళ్లు, కవర్లో ఐసు మధ్య నాలుగు రొయ్యలు పట్టుకుని వచ్చేవాళ్లు. ఉప్పదనం, పీహెచ్, ఆల్కలినిటీ, అమ్మోనియా. బ్యూరెట్ పట్టుకుని కాల్షియం, మెగ్నీషియం తేల్చడం చూసి ఆశ్చర్యపోయాను. మార్కుల కోసం కాలేజీ ల్యాబులో చేసిన టైట్రేషనే అది. ఇక్కడ దాని కోసం ఒక మనిషి బయట బండి మీద కూర్చుని ఎదురుచూస్తున్నాడు. విబ్రియో బ్యాక్టీరియా ఎంతుందో చూడటానికి ప్లేట్లు వేసేవాళ్లం. మర్నాటికి పసుపు, ఆకుపచ్చ చుక్కలు వచ్చేవి, వాటిని లెక్కపెట్టాలి. గుంటల మీద ఉండే టెక్నీషియన్లు తెల్లవారుజామున నాలుగింటికే మీటరు పట్టుకుని నీళ్లలో ఆక్సిజన్ చూస్తారు. రాత్రంతా నాచు కూడా ఆక్సిజన్ వాడేసుకుంటుంది కాబట్టి తెల్లారే ముందే అది అన్నిటికంటే తక్కువగా ఉంటుంది. నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్ ఆగిందంటే పంట పోయినట్టే. ఈ ఉద్యోగానికి నాలుగింటికి లేవాలని ఏ కోర్సు పాంప్లెట్‌లోనూ రాయరు.

ఒక రైతు వారం వారం తప్పకుండా వచ్చేవాడు. 1990ల మధ్యలో తెల్లమచ్చ వైరస్ వచ్చి టైగర్ రొయ్య తుడిచిపెట్టుకుపోయినప్పుడు ఆయన అయిదెకరాలు అమ్ముకున్నాడట. 2009లో వనామీ అనే కొత్త రకం రొయ్యకి అనుమతి వచ్చాక మళ్లీ కౌలుకి గుంటలు పట్టాడు. ఒకరోజు ఆయన తెచ్చిన రొయ్యకి వైరస్ జాడ చూసే పీసీఆర్ పరీక్షలో తెల్లమచ్చ పాజిటివ్ వచ్చింది. అన్న బయటికి వెళ్లి, "ఇంక ఆపొద్దు మామా, రేపు పొద్దున్నే పట్టెయ్యండి" అన్నాడు. అప్పటికి ఇంకా వంద కౌంటు కూడా రాలేదు. అంటే కిలోకి వందకి పైగా తూగే చిన్న రొయ్య, పెట్టుబడి కూడా రాదు. ఆయన ఏమీ అనలేదు. సీసా తీసుకుని వెళ్లిపోయాడు. అన్న లోపలికొచ్చి చాలాసేపు చేతులు కడుక్కుంటూ నిలబడ్డాడు.

నాకు ఆ రెండు నెలల్లో రెండు సంగతులు తెలిశాయి. ప్లేట్లు, మైక్రోస్కోపు ముందు నేను ఎన్ని గంటలైనా కూర్చోగలను. బయట నిలబడిన మనిషికి ఆ మాట చెప్పడం మాత్రం నా వల్ల కాదు. ఇది ఏ కెరీర్ టెస్టూ నాకు చెప్పి ఉండేది కాదు. అందుకే మైక్రోబయాలజీలో ఎంఎస్సీ చేసి, రొయ్యలు ఎగుమతి చేసే ప్లాంటులో క్వాలిటీ ల్యాబు వైపు వెళ్లాను. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ లాంటి నిషేధించిన యాంటీబయాటిక్స్ జాడలున్నాయేమో చూడటం, బ్యాక్టీరియా పరీక్షలు, రికార్డులు. నాకు సరిపోయిన పని. అయినా నేను ఒక ప్రశ్న అడగడం మరిచాను. ఈ పనికి డబ్బు చివరికి ఎవరి జేబులోంచి వస్తోంది? 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుల మీద సుంకం 50 శాతానికి పెంచినప్పుడు ప్లాంటులో షిఫ్టులు తగ్గాయి, అందరం టెన్షన్ పడ్డాం. అప్పుడు తెలిసింది, నా జీతానికి, ఎక్కడో అమెరికాలో రొయ్యలు కొనే ఇంటికి ఎంత దగ్గరి సంబంధం ఉందో. ఇప్పుడు ఎవరు నన్ను సలహా అడిగినా ఆ ప్రశ్న ముందు పెట్టుకోమంటున్నాను.

ఇలా అంటే మా మామయ్య ఒక మాట అంటాడు. "ఇవన్నీ ప్రైవేటు పనులమ్మా, ఎప్పుడు పీకేస్తారో తెలియదు. గవర్నమెంటు ఉద్యోగం కొడితే ఈ వెతుకులాట ఎందుకు?" ఆయన మాటని తీసిపారేయలేను. ఒక సంవత్సరం వాన తప్పినా, ఆకు రేటు పడిపోయినా అప్పుల్లో పడే ఇళ్లలో నెల నెలా వచ్చే జీతం విలువ నాకు తెలుసు. నా వాదన వేరు. ప్రభుత్వ ఉద్యోగం కూడా ఒక పనే గదా, దాన్నైనా చూశారా? నా స్నేహితురాలు నెల్లూరులో హాస్టల్లో ఉండి మూడేళ్లుగా గ్రూప్-2కి చదువుతోంది. డిప్యూటీ తహసీల్దార్ కావాలని. తహసీల్దారు ఆఫీసులో ఒక్క పూట కూర్చుని అక్కడ ఏం జరుగుతుందో చూశావా అని అడిగితే లేదంది. అది జనం రోజూ వచ్చిపోయే ఆఫీసే. సోమవారం అర్జీల రోజు వెళ్లి బెంచీ మీద కూర్చుంటే ఎవరూ పొమ్మనరు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసూ అంతే. మూడేళ్ల వయసు పెట్టేముందు మూడు సోమవారాలు పెట్టడం ఎక్కువా? ఆమె తర్వాత వెళ్లింది. భూమి తగాదాలు వినీ వినీ, ఇంకా గట్టిగా చదవాలనిపించిందని చెప్పింది. నాకు చాలా సంతోషమేసింది.

2019లో గ్రామ సచివాలయాలు పెట్టినప్పుడు సర్వేయర్, ఉద్యాన సహాయకులు, మత్స్య సహాయకులు అని పోస్టులు వచ్చాయి. ఫలానా డిప్లొమా, ఫలానా డిగ్రీ ఉన్నవాళ్లే అర్హులు. అప్పటికప్పుడు ఆ చదువులు తెచ్చుకోలేరు గదా. ఆ పనుల పేర్లు ముందే విని, ఆ చదువులు చదివినవాళ్లకే అవి దక్కాయి.

ఆడపిల్లల సంగతి వేరే చెప్పాలి. నన్ను ల్యాబుకి మొదటి వారం నాయన బండి మీద దింపి, సాయంత్రం దాకా బయట చెట్టు కిందే ఉన్నాడు. అందరి నాయనలకీ ఆ తీరిక ఉండదు. మా క్లాసు అబ్బాయి ఒకడు చీమకుర్తి క్వారీకి ఒక్కడే వెళ్లి నెల రోజులు ఉండి వచ్చాడు. మైనింగ్ మేట్, బ్లాస్టర్, ఫోర్‌మన్ పనులకి గనుల భద్రతా విభాగం వాళ్లు పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇస్తారని, అది ఉంటేనే ఆ బాధ్యత అప్పగిస్తారని అతని ద్వారానే మాకు తెలిసింది. నేను అలా వెళ్లగలిగేదాన్ని కాదు. ఇక్కడే కాలేజీ చేయాల్సిన పని ఉంది. పదిమంది అమ్మాయిల్ని ఒక మేడంతో కలిపి రొయ్యపిల్లల్ని పుట్టించే హ్యాచరీకో, పోర్టుకో, కోర్టుకో, జిల్లా ఆసుపత్రి ల్యాబుకో రెండు రోజులు పంపడం కష్టమేమీ కాదు. పాత విద్యార్థులు ఎక్కడెక్కడ ఏం చేస్తున్నారో ఒక రిజిస్టరు రాసిపెట్టడానికి ఖర్చే ఉండదు.

వెళ్లినప్పుడు ఏం అడగాలో కూడా నాకు తప్పులు చేశాకే తెలిసింది. "ఈ జాబ్ ఎలా ఉంటుంది సార్?" అంటే "బాగుంటుందమ్మా" అంటారు, మాట అక్కడితో ఆగిపోతుంది. "నిన్న పొద్దున్నుంచి ఏమేం చేశారు?" అని అడిగితే గంట చెబుతారు. మీతోపాటు చేరినవాళ్లలో ఇంకా ఎంతమంది ఉన్నారు, వెళ్లిపోయినవాళ్లు ఎందుకు వెళ్లారు అని అడిగితే అసలు సంగతి బయటపడుతుంది. జీతం సూటిగా అడగడం మన దగ్గర మర్యాద కాదు. కొత్తగా చేరేవాళ్లకి ఎంతిస్తారు అంటే మాత్రం ఎవరూ తప్పుపట్టరు.

మా తమ్ముడు ఇప్పుడు డిగ్రీ రెండో ఏడు, కంప్యూటర్స్ మేజర్. మొన్న వాడూ ఒక లింకు చూపించి రెండు వేలు అడిగాడు. ఇవ్వలేదు. నాయన వాణ్ణి వేలం కేంద్రానికి తీసుకెళ్లి, అక్కడ ఎలక్ట్రానిక్ వేలం కంప్యూటర్లు చూసే ఆయనకి అప్పజెప్పాడు. మొదటిరోజు సాయంత్రం ఫోన్ చేశాడు.

"అక్కా, ఆయన పొద్దున్నుంచి ఒక్క లైను కూడా కోడ్ రాయలేదు. ఒక రైతుది బేలు నంబరు తప్పు పడింది. అది ఎక్కడ తప్పిందో పట్టుకోవడానికి మధ్యాహ్నం దాకా పట్టింది. ఆ రైతు పక్కనే నిలబడి అరుస్తానే ఉన్నాడు."

"నీకెట్టా అనిపించింది?" అన్నాను.

"తప్పు వెతకడం బాగుంది. ఆ అరుపులు రేపు ఇంకోసారి విని చెప్తా" అన్నాడు.